గుండె చొక్కా

కాజాలు కుట్టడంలో ఆ షెడ్డు మొత్తానికి ఆమెను మించినవాళ్ళు లేరు. అందుకే అందరూ కాజాలమ్మాయి అనేవారు. అసలు పేరు హాజరు పుస్తకంలో ఉండేది, అక్కడే ఉండిపోయింది. ముప్పయ్యో ఏడు దగ్గరపడుతున్నా, నాలుగేళ్ళ కూతురున్నా అమ్మాయి అమ్మాయే.

షెడ్డుకి పని యుద్ధం నుంచి వచ్చేది. అక్కడ సైనికులు తొడిగి విడిచిన చొక్కాలను లాండ్రీలో ఉతికి, మూటలు కట్టి, సోమవారం సోమవారం లారీలో తెచ్చి పడేసేవారు. పన్నెండు మంది ఆడవాళ్ళు ఆ మూటలు విప్పి, చిరిగినచోట మాసికలు వేసి, ఊడిన గుండీలు పెట్టి, పాడైన కాజాలు మళ్ళీ కుట్టి, ఇస్త్రీ చేసి వెనక్కి పంపేవారు. ఆ పన్నెండు మందీ సైనికుల భార్యలే. మొగుళ్ళ చొక్కాలు పెళ్ళాలైతే శ్రద్ధగా కుడతారన్న ఆలోచన ఎవరి బుర్రలో పుట్టిందో గాని, ఆ పెద్దమనిషికి పెళ్ళి అయి ఉండదు.

ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకున్నారు. ప్రతి చొక్కాకీ కాలరు లోపల మనిషి నంబరు అచ్చువేసిన గుడ్డముక్క ఉంటుంది. దాన్ని లాండ్రీలోనే కత్తిరించేసేవారు. ఏ చొక్కా ఎవరిదో తెలియకూడదు, తెలుసుకోవాలని చూడనూ కూడదు. ఇంకో జాగ్రత్త ఆడవాళ్ళే తీసుకున్నారు. మోచెయ్యి చిరిగినా, భుజం చిరిగినా, ఎవరి వాటాకి వచ్చింది వాళ్ళు కుట్టుకునేవారు. ఛాతీమీద చిరిగిన చొక్కా వస్తే మాత్రం మారుమాట లేకుండా తీసుకెళ్ళి వదిన బల్లమీద పెట్టేవారు. వాటికి గుండె చొక్కాలని పేరు.

"ఇలా పడెయ్యండే. గుండె లేనిదాన్ని నేనే కదా మీకు దొరికాను" అనేది వదిన.

ఆవిడకి నలభై దాటాయి. నోరు పెద్దది, చెయ్యి మెత్తనిది. చొక్కా అంచులోంచే దారప్పోగులు లాగి, ఆ పోగులతోనే మాసిక వేసేది. కుట్టింది ఎక్కడో చెప్పమంటే షెడ్డు మేస్త్రీ కూడా కళ్ళజోడు రెండుసార్లు తుడుచుకోవలసిందే. ఆవిడ భర్తా, కాజాలమ్మాయి భర్తా ఒకే దళంలో ఉన్నారు, ఒకే గుడారంలో పడుకునేవారు, బావా బావా అని పిలుచుకునేవారు. ఆ వరసన ఈవిడ కాజాలమ్మాయికి వదిన అయింది. అయ్యాక ఆడపడుచు పెత్తనం కూడా తనంతట తనే తీసేసుకుంది. క్వార్టర్లలో ఇద్దరిదీ పక్కపక్క వాటా, మధ్యలో ఒకే గోడ. పిల్ల ఏడిస్తే గోడ అవతల నుంచే "ఏం చేశావే దాన్ని?" అని కేక వచ్చేది.

ఆ సోమవారం మూటలో గుండీలు ఊడిన చొక్కాలు ఎక్కువొచ్చాయి. కాజాలమ్మాయి ఒక్కొక్కటీ తిప్పి కాజాలు చూస్తూ పోతోంది. నాలుగో చొక్కా దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయింది.

కాజాలు తనవి. ఎవరి చేతిరాత వాళ్ళకి తెలిసినట్టు తన కుట్టు తనకి తెలుసు. అయినా మనసు ఒప్పుకోక చొక్కా తిరగేసింది. లోపల ఎడమవైపు పసుపు గుడ్డ జేబు ఉంది, తెల్ల చుక్కలది. కూతురి పొట్టి అయిపోయిన గౌను చింపి, ఫోటో పెట్టుకోవడానికని, అతను బయల్దేరే ముందురోజు తనే కుట్టి ఇచ్చిన జేబు. ఫోటో లేదు. జేబు పక్కన చిరుగు ఉంది. చిరుగు చుట్టూ ఎన్ని నీళ్ళు పోసినా వదలని మచ్చ ఉంది.

ఆమె అరవలేదు. లేచి, ఆ చొక్కా తీసుకెళ్ళి, రోజూ అందరూ చేసినట్టే వదిన బల్లమీద పెట్టి, అక్కడే నేలమీద కూలబడింది.

వదిన జేబు చూసింది. ఆ పసుపు గౌను ఆవిడా ఎరుగును. చిరుగులో రెండు వేళ్ళు దూర్చి, చొక్కాను తన ఒంటికి ఆనించుకుని, అది ఎక్కడికి వస్తుందో చూసుకుంది. వెనక్కి తిప్పింది. వెనక కూడా చిరిగింది.

"నిజం చెప్పనా, అబద్ధం చెప్పనా?"

"నిజమే చెప్పు వదినా."

"ఇన్నేళ్ళుగా వీటిని కుడుతున్నాను. ఇక్కడ చిరిగితే మనిషి మిగలడు. ఆశ పెట్టుకోకు తల్లీ. ఆశ పెట్టుకుంటే రోజూ చస్తావు."

ఆ మాట అనడానికి ఆవిడ ఎంత కష్టపడిందో ఆ గొంతు వింటే తెలుస్తోంది. కానీ దాచలేదు.

మర్నాడు ఇద్దరూ కలిసి సైన్యం ఆఫీసుకి వెళ్ళారు. గుమాస్తా పోయినవాళ్ళ జాబితా తిరగేసి, ఈ పేరు లేదమ్మా అన్నాడు. లేకపోతే బతికున్నట్టా అని వదిన అడిగింది. "జాబితాలో లేడు, అంతే. వాళ్ళ దళం కాగితాలు ఇంకా రాలేదు" అన్నాడు. కాగితం కంటే బట్టలు ముందొచ్చే యుద్ధం అది. చొక్కా సంగతి చెబితే, నంబరు లేని చొక్కా సాక్ష్యం కాదన్నాడు. వదిన అతని బల్లమీద చరిచి నాలుగు దులిపేసింది గాని, కాగితాలు దానివల్ల రాలేదు.

పదకొండు రోజులు. పదకొండు రోజులు కాజాలమ్మాయి బొట్టు తియ్యని విధవగా బతికింది. ఎవరికి చెప్పను, ఏమని చెప్పను? కూతురు రోజూ సాయంత్రం "నాన్న ఎన్ని నిద్రలు పోతే వస్తాడు?" అని అడిగేది. "చాలా" అనేది తను. గిన్నె తోముతూ తోముతూ ఆగిపోయేది, కుళాయి కారిపోతూనే ఉండేది. నీళ్ళ చప్పుడు విని వదినే వచ్చి కట్టేసేది. పిల్లకి జడలు వేసింది వదిన. షెడ్డులో ఈమె వాటా కాజాలు కుట్టింది వదిన. ముద్ద కలిపి నోట్లో పెట్టి, "మింగు, లేకపోతే ముక్కు మూసి మింగిస్తా" అని బెదిరించింది కూడా ఆవిడే.

ఆ చొక్కాను మేస్త్రీ అక్కడుండగానే వదిన ఇంటికి పట్టుకొచ్చింది. మేస్త్రీ ఆ సమయానికి కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాడు, ముసలాయన మంచివాడు. రెండు సాయంత్రాలు కూర్చుని, అంచులోంచి పోగులు లాగి, చిరుగు మూసేసింది వదిన. "నీకు ఉంచుకోడానికి ఇదొక్కటే మిగులుతుంది. ఆ చిల్లు చూస్తూ బతకలేవు" అంది. పని అయ్యాక చొక్కా ఒళ్ళో పెట్టుకుని, "తమ్ముడూ" అని భోరుమంది. ఇన్ని గుండె చొక్కాలు కుట్టిన మనిషి ఏడవగా చూడటం కాజాలమ్మాయికి అదే మొదటిసారి.

పన్నెండో రోజు మధ్యాహ్నం షెడ్డు గుమ్మంలో ఒక మనిషి నిలబడ్డాడు. గడ్డం పెరిగి, బుగ్గలు లోపలికి పోయి, సంచి భుజాన వేసుకుని, లోపలికి రావాలా వద్దా అన్నట్టు నిలబడ్డాడు. ముందు చూసింది వదిన. మిషను తొక్కుతున్న కాలు ఆగింది.

"ఒరేయ్!" అంది. తర్వాత ఆ గొంతు షెడ్డు రేకులు ఎగిరిపోయేలా లేచింది. "ఒసేయ్ అమ్మాయ్, లేవవే! నీ మొగుడే! నీ మొగుడేనే!"

తను ఎలా లేచిందో, ఎన్ని మిషన్లు గుద్దుకుందో కాజాలమ్మాయికి గుర్తులేదు. అతని చేతులు పట్టుకుంది, ముఖం తడిమింది, ఛాతీమీద ఎడమవైపు చెయ్యిపెట్టి అక్కడ చిల్లు లేదని చూసుకుంది. అందరూ ఏడుస్తున్నారు, అందరూ నవ్వుతున్నారు. వదిన కొలత టేపు తీసుకుని అతని వీపుమీద టపటపా బాదింది.

"పదకొండు రోజులు ఏడిపించావు కదరా! నీ చొక్కా వచ్చింది, నువ్వు పోయావనుకున్నాం. ఎవరికిచ్చి చచ్చావురా దాన్ని?"

అతని ముఖం అదోలా అయింది. "స్టోర్లో మారిపోయి ఉంటుందక్కా" అన్నాడు.

"మీ బావ ఎలా ఉన్నాడు?"

"బాగున్నాడు."

ఆ మాట వెంటనే అన్నాడు, మరీ వెంటనే అన్నాడు. ఆ సంతోషంలో అది ఎవరికి పట్టింది?

ఇంటికొచ్చాక, పిల్ల అతని భుజాలెక్కి దిగి విసుగొచ్చి గోడ అవతల వదిన ఇంటికి పరిగెత్తాక, కాజాలమ్మాయి పెట్టెలోంచి చొక్కా తీసింది. నవ్వుతూనే తీసింది. "చూడు, నిన్ను ఎలా చంపేసుకున్నానో."

అతను చొక్కా అందుకున్నాడు. చిరుగు ఉండవలసినచోట చేత్తో తడిమి చూశాడు. "ఇది ఎవరు కుట్టారు?"

"ఇంకెవరు, వదినే."

అతను చొక్కా మంచంమీద పెట్టి, స్నానాలగదిలోకి వెళ్ళి వాంతి చేసుకున్నాడు. అక్కడే తడినేలమీద గోడకి ఆనుకుని కూర్చుని చెప్పాడు. ఆ రోజు పొద్దున్నే కాలవకి వెళ్ళి నీళ్ళు తెచ్చే వంతు తనది. జ్వరం, నిలబడలేకపోయాడు. నువ్వు పడుకో బావా, నేను తెస్తానన్నాడు వదిన భర్త. ఆయన తన చొక్కా ఉతికి ఆరేసుకున్నాడు, అది ఇంకా తడిగానే ఉంది. చలికి ఇతని చొక్కా తీసి తొడుక్కున్నాడు. ఇద్దరిదీ ఒకే కొలత. ప్లేటులో పెట్టిన తిండి వచ్చాక తింటానని మూతపెట్టి, డబ్బాలు రెండూ పట్టుకుని వెళ్ళాడు. కాలవగట్టు దగ్గర పడింది గుండు. ఆ జ్వరంతోనే మోసుకొచ్చి ఆసుపత్రి గుడారంలో పడుకోబెట్టింది ఇతనే. ఒక గంట ప్రాణంతో ఉన్నాడు.

"నాకు ఒంట్లో బాగుంటే నేను వెళ్ళేవాణ్ణి" అన్నాడు. "నా వంతు అది."

గోడ అవతల వదిన పిల్లతో ఏదో ఆడుతూ పకపకా నవ్వుతోంది.

"చెప్పొద్దు" అన్నాడు అతను. "ఆఫీసువాళ్ళు వచ్చి చెప్పేదాకా మేం నోరు విప్పకూడదని ఆర్డరు." మళ్ళీ తనే, "ఆర్డరు సంగతి అటుంచు. నాకు బదులు పోయాడని అక్క ముఖం చూసి ఎలా చెప్పను?" అన్నాడు.

అతనికి సెలవు తొమ్మిది రోజులు. తొమ్మిది రోజుల తర్వాత మళ్ళీ అదే గుడారానికి వెళ్ళాలి. రాత్రిళ్ళు మంచంమీద పడుకోలేక కిందికి దిగిపోయేవాడు, పిల్ల గిన్నె పడేస్తే చేతులు తలమీద పెట్టుకునేవాడు. అలాంటివాడి చేత ఇంకో మాట చెప్పించడం తన వల్ల కాదనుకుంది ఆమె. ఆఫీసువాళ్ళే వస్తారు, రేపో ఎల్లుండో వస్తారు. తను నోరు మూసుకుంటే చాలు.

నోరు మూసుకోవడం ఎంత కష్టమో ఆమెకి తర్వాతి మూడు రోజుల్లో తెలిసింది. పక్కమిషనే కదా వదినది. జీపు చప్పుడైతే చాలు, ఆఫీసువాళ్ళేనని కాజాలమ్మాయి సూది వేలిలో దిగేది. వదిన చూసి, "మొగుడొచ్చాడు కదా, మనసు ఇంటి దగ్గరుంది" అని ఏడిపించేది, మిగతావాళ్ళు నవ్వేవాళ్ళు. ఒకసారి మాత్రం నవ్వకుండా అంది. "ఆ చొక్కా తొడుక్కున్న పిల్లాడు ఎవడో పాపం. వాడి పెళ్ళాం ఎక్కడుందో, ఏం వండుతోందో ఇప్పుడు. ఆవిడ చెయ్యవలసిన పని నేను చేశాను. ఎప్పుడైనా కనబడితే చెప్పాలే, నేను బాగానే కుట్టానమ్మా, నీ ఋణం ఉంచుకోలేదని."

కాజాలమ్మాయి లేచి దొడ్లోకి వెళ్ళి, కొంగు నోట్లో కుక్కుకుంది. చెప్పేద్దామని మూడుసార్లు వెనక్కి వచ్చింది. మూడుసార్లూ వదిన ఏదో జోకు వేసింది.

ఇంత పిరికిదాన్నా నేను అనుకుంది. తన దగ్గర వదిన ఒక్క పూట కూడా నిజం దాచలేదు. తను మూడు రోజులుగా దాస్తోంది. పైగా ఇంకో సంగతి ఆమెను లోపల తినేస్తోంది. రోజూ పొద్దున్న మెలకువ రాగానే, పక్కన అతను ఊపిరి తీస్తున్న చప్పుడు వినగానే, ఆమెకు సంతోషం వేసేది. ఆపుకుందామన్నా ఆగేది కాదు. పోయింది అతను కాదు, ఆయన. నా మొగుడు కాదు, వదిన మొగుడు. అలా అనుకున్నప్పుడల్లా చెంపలు వాయించుకోవాలనిపించేది.

నాలుగో రోజు సాయంత్రం పనయ్యాక వదిన చేతిలో ఒక చలికోటుతో వచ్చింది. చేతులు లేని కోటు, లోపల దళసరిగా దూది పెట్టి గళ్ళు గళ్ళుగా కుట్టింది. నాలుగు రోజులుగా ఇంటికి వెళ్ళాక ఆవిడ చేస్తున్న పని అదేనని అప్పుడు తెలిసింది.

"లేరా తమ్ముడూ, ఇలా నిలబడు. మీ బావదీ నీదీ ఒకే కొలత కదా. నీ ఒంటిమీద చూసి పక్కలు సరిచేస్తాను. వెళ్ళేటప్పుడు పట్టుకెళ్ళి ఆయనకిద్దువు గాని."

అతను లేవలేదు. భార్య వంక చూశాడు.

"లేవరా బాబూ, చలికి దగ్గుతుంటాడు ఆయన. మీరు చెప్పరు గాని నాకు తెలుసు" అని చెయ్యి పట్టి లేపింది. అతను నిలబడ్డాడు. వదిన కోటు తొడిగింది. నోట్లో గుండుసూదులు పెట్టుకుని, చుట్టూ తిరుగుతూ, చంకల కింద గుడ్డ పట్టి చూస్తూ, "ఊపిరి పీల్చు. ఆయనకి నీకంటే పొట్ట కాస్త ఎక్కువే. ఇప్పుడు తగ్గాడా?" అంది సూదుల సందులోంచి.

అతను చేతులు పైకెత్తి నిలబడి ఉన్నాడు. కోటు మొత్తం వణుకుతోంది. వదిన ఎడమవైపు సూది గుచ్చబోయి, గుచ్చలేక, తలెత్తి అతని ముఖం చూసింది. అతని గడ్డం మీదుగా నీళ్ళు కారుతున్నాయి.

"ఏమైంది?" అంది. సూదులు ఒక్కొక్కటే నోట్లోంచి తీసి తన జాకెట్టుకి గుచ్చుకుంది. "ఏమైందిరా?"

అతను మళ్ళీ భార్య వంక చూశాడు. ఇక ఆ మాట తను అనవలసిందేనని కాజాలమ్మాయికి తెలిసింది.

"వదినా" అంది. "ఆ చొక్కా అన్నయ్య తొడుక్కున్నాడు. ఈయనకి జ్వరం వస్తే, ఈయన వంతులో పొద్దున్నే నీళ్ళకి వెళ్ళాడు."

వదిన చెయ్యి చాచి, కోటుకి ఎడమవైపున, తను సూది గుచ్చబోయినచోట, అరచెయ్యి ఆనించింది.

"నీకెప్పుడు తెలిసింది?"

"ఈయన వచ్చిన రోజే."

"నాలుగు రోజులు." ఆవిడ గొంతులో కోపం కూడా లేదు, అదే భరించలేకపోయింది కాజాలమ్మాయి. "నాలుగు రోజులు నా చేత ఈ కోటు కుట్టించావా? నీ దగ్గర నేను ఒక్క పూటైనా దాచానటే?"

"తప్పే వదినా. నన్ను కొట్టు."

ఆవిడ కొట్టలేదు. ఆమెను వదిలేసి అతనివైపు తిరిగింది. అతను రెండు చేతులూ ఎత్తినవాడు ఎత్తినట్టే ఉన్నాడు, దించాలని కూడా తోచలేదు. ఆవిడే వాటిని పట్టుకుని మెల్లగా కిందికి దించింది.

"నీ తప్పేం లేదు నాయనా. ఆయన అంతే. ఇంట్లో కూడా ఇంకొకళ్ళ పని ఎత్తుకుంటాడు, సొంత పని చెయ్యడు" అంది. తర్వాత చాలా మామూలుగా అడిగింది. "వెళ్ళే ముందు ఏమైనా తిన్నాడా?"

అతను నోరు తెరిచాడు. మూతపెట్టిన ప్లేటు సంగతి అతని ముఖంలోనే ఉంది. నిజమే చెప్పబోతున్నాడని కాజాలమ్మాయి గ్రహించింది. ఇన్నాళ్ళూ నిజం దాచినందుకు ఇప్పుడే మాటపడ్డ మనిషి, అతనికంటే ముందు నోరు విప్పింది.

"తిన్నాడు వదినా. కడుపు నిండా తినే వెళ్ళాడట."

వదిన ఆమెవైపు చూసింది. "ఇరవై రెండేళ్ళు బతిమాలాను" అంది. "పొద్దున్నే ఒక్క ముద్ద తినండీ అని. మంచినీళ్ళు తప్ప ముట్టేవాడు కాదు. ఒక్కరోజు కూడా తినలేదు నా దగ్గర."

దొరికిపోయానని కాజాలమ్మాయికి తెలిసింది. అయినా చూపు తిప్పుకోలేదు.

"తిన్నాడు వదినా" అంది మళ్ళీ.

వదిన ఆ ముఖం అలాగే చూసింది. నమ్మలేదు, నమ్మడానికి వీల్లేదు. అయినా తల ఊపింది. "పోన్లే. తినే వెళ్ళాడు" అంది, ఆ మాట ఇంకెవరికో చెబుతున్నట్టు. కాజాలమ్మాయి పట్టుకునేలోపే ఆవిడ నేలమీద పడి, గోడలు దద్దరిల్లేలా ఏడ్చింది. ఆ ఏడుపుకి క్వార్టర్ల వరస మొత్తం తలుపులు తెరుచుకున్నాయి.

కాజాలమ్మాయి ఆవిడ తల ఒళ్ళో పెట్టుకుని తానూ ఏడ్చింది. నిజంగానే ఏడ్చింది, ఆవిడ కోసమే ఏడ్చింది. కానీ ఎదురుగా ఆ కోటు విప్పుకోలేక నిలబడ్డ మనిషి కనబడుతుంటే, అతనికి ఇంకా అయిదు రోజుల సెలవుందన్న లెక్క ఆమె తలలోకి జొరబడింది. ఛీ అనుకుంది. తనమీద తనకే అసహ్యం వేసింది. వదిన వీపు నిమురుతూ, ఆవిడతోపాటు ఏడుస్తూ, ఆ అయిదు రోజులూ ఒక్కొక్కటే లెక్కపెడుతూనే ఉంది.